కుదించిన పాట మీద నాకు కోపం లేదు

ఈసారి విభక్తుల గురించి కాదు, పాటల గురించి రాస్తున్నాను. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, పాటల సైజు గురించి.

మొన్న తెలిసిన వాళ్ళు భోజనానికి పిలిచారు. భోజనాలయ్యాక ఆ ఇంటి అంకుల్ తన కొత్త స్పీకర్లు చూపించారు. ఘంటసాల పాట ఒకటి పెట్టారు. చాలా బాగుంది. నేను ఉత్సాహంగా, "నా ఫోన్‌లో కూడా ఒక పాట ఉంది, పెడతారా" అన్నాను. ఆయన ఫైలు చూసి మొహం చిట్లించి, "ఇది ఎంపీ3 కదమ్మా. ఇందులో పిప్పి తప్ప పాట ఎక్కడుంది?" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

పిప్పి అంటే చెరుకు రసం తీశాక మిగిలేది అని ఇంటికి వచ్చాక అమ్మని అడిగి తెలుసుకున్నాను. అప్పుడు నాకు అంకుల్‌కి చెప్పాల్సిన జవాబు దొరికింది. ఎంపీ3 పిప్పి కాదు. పిప్పి తీసేసి మనకి రసం ఇచ్చేదే ఎంపీ3. పాటని కుదించడం వల్ల మనలాంటి వాళ్ళకి జరిగిన మేలు చాలా పెద్దది. దాన్ని చిన్నచూపు చూడడం నాకు నచ్చదు. ఒక్క షరతు మాత్రం ఉంది. ఆ షరతు తెలియక నేను తిరిగి సంపాదించలేని దాన్ని పోగొట్టుకున్నాను. అందుకే ఈ విషయం రాయడానికి నాకు హక్కు ఉందనుకుంటున్నాను.

ముందు ఒక మాట సంగతి. నిఘంటువులో చూస్తే "సంపీడనం" అని ఉంది. అమ్మకి ఫోన్‌లో "నేను ధ్వని సంపీడనం గురించి రాస్తున్నాను" అంటే, "ఎవర్ని పీడిస్తున్నావే?" అంది. తర్వాత తనే "కుదించడం అను, చాలు" అంది. కాబట్టి ఇక్కడ కుదించడం, కుదింపు అనే మాటలే వాడతాను. స్టూడియోలో గట్టి శబ్దాన్ని తగ్గించి మెల్లని శబ్దాన్ని పెంచే పనిని కూడా కంప్రెషన్ అనే అంటారు. అది వేరే విషయం. నేను మాట్లాడేది ఫైలు సైజు తగ్గించడం గురించి మాత్రమే.

అసలు పాట ఎంత పెద్దది?

శబ్దం అంటే గాలిలో కదలిక. కంప్యూటర్ ఆ కదలికని కొలిచి అంకెలుగా రాసుకుంటుంది. సీడీలో సెకనుకు 44,100 సార్లు కొలుస్తారు. ప్రతి కొలతకీ 16 బిట్లు. ఎడమ చెవికి ఒకటి, కుడి చెవికి ఒకటి, మొత్తం రెండు వరసలు. ఈ మూడూ గుణిస్తే సెకనుకు 14,11,200 బిట్లు. అయిదు నిమిషాల పాటకి దాదాపు 53 ఎంబీ.

44,100 ఎందుకు? మంచి వయసులో ఉన్న మనిషి చెవి సుమారు 20 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్ దాకా వింటుంది. ఒక శబ్దాన్ని పట్టుకోవాలంటే దాని హెర్ట్జ్‌కి కనీసం రెట్టింపు కంటే ఎక్కువ సార్లు కొలవాలి. 20,000కి రెట్టింపు 40,000. దానికి కొంచెం పైన పెట్టుకున్నారు. ఈ "రెట్టింపు" అనే లెక్క గుర్తుపెట్టుకోండి. నా కథలో మళ్ళీ వస్తుంది.

ఇప్పుడు 1999కి వెళ్దాం. అమెరికాలో మా ఇంట్లో 56కే మోడెమ్ ఉండేది. అది ఏ ఆటంకం లేకుండా పూర్తి వేగంతో పనిచేసినా, 53 ఎంబీ పాట దిగడానికి రెండు గంటల పైన పడుతుంది. ఆ రెండు గంటలూ ఇంట్లో ఎవరూ ఫోన్ ఎత్తకూడదు. మా నాన్న ఒప్పుకుంటారా? అదే పాట 128 కిలోబిట్ల ఎంపీ3 అయితే 4.8 ఎంబీ. పదకొండో వంతు. పదకొండు, పన్నెండు నిమిషాల్లో వచ్చేస్తుంది. నాన్న స్నానం చేసి వచ్చేలోపు పాట నా దగ్గర ఉండేది.

పోగొట్టకుండా కుదించడం

కుదింపు రెండు రకాలు. మొదటిది ఏమీ పోగొట్టనిది. దీన్ని అర్థం చేసుకోవడానికి ఒక తెలుగు పాటల పుస్తకం తీయండి. పల్లవి ఒక్కసారే పూర్తిగా అచ్చు వేస్తారు. ప్రతి చరణం చివర రెండు నిలువు గీతల మధ్య పల్లవిలోని మొదటి మాట మాత్రమే ఉంటుంది. మొదటిసారి చూసినప్పుడు నేను ఆ మాటని ఒక్కటే చదివి ఆగిపోయాను. అది "పల్లవి మళ్ళీ మొత్తం పాడు" అని చెప్పే గుర్తు అని తర్వాత తెలిసింది. కాగితం మిగిలింది, పాటలో ఒక్క అక్షరం పోలేదు. ఇదే పోగొట్టని కుదింపు.

ఫ్లాక్ అనే ఫైళ్ళు ఈ రకం. 2001లో దాని మొదటి పూర్తి వెర్షన్ వచ్చింది. అది ఎలా పనిచేస్తుంది? కూరగాయల ధరలు చెప్పేటప్పుడు మనం "టమాటా నిన్నటి ధరే, వంకాయ నిన్నటికంటే రెండు రూపాయలు ఎక్కువ" అంటాం కదా. ఫ్లాక్ కూడా అంతే. ముందు కొలతల్ని చూసి తర్వాతి కొలత ఎంత ఉంటుందో అంచనా వేస్తుంది. అంచనాకీ నిజానికీ ఉన్న తేడాని మాత్రమే రాసుకుంటుంది. తేడాలు చిన్న అంకెలు కాబట్టి తక్కువ చోటు పడతాయి. మళ్ళీ విప్పితే సీడీలో ఉన్న ప్రతి బిట్టూ తిరిగి వస్తుంది. కానీ సైజు మామూలుగా సగానికో, మూడింట రెండు వంతులకో మాత్రమే తగ్గుతుంది. పదకొండో వంతు కావాలంటే దీనితో కుదరదు.

గట్టిమేళం సూత్రం

రెండో రకం కొంత పోగొట్టేది. ఎంపీ3, ఏఏసీ, ఓపస్ ఈ రకం. ఇక్కడే అంకుల్ లాంటి వాళ్ళకి కోపం వస్తుంది. "పాటలోంచి పారేస్తారా?" అని. అవును, పారేస్తారు. కానీ ఏది పారేస్తారన్నదే అసలు ప్రశ్న.

తెలుగు పెళ్ళి వీడియో ఏదైనా చూడండి. తాళి కట్టే సమయానికి పంతులు గారు చేయి పైకెత్తి "గట్టిమేళం, గట్టిమేళం" అంటారు. వెంటనే డోలు, సన్నాయి ఒక్కసారిగా మోగుతాయి. ఎందుకని మా పిన్నిని అడిగాను. ఆ క్షణంలో ఎవరైనా తుమ్మినా, ఏదైనా చెడ్డమాట అన్నా ఎవరికీ వినపడకూడదని అంది. తుమ్ము నిజంగానే వచ్చింది. గాలి నిజంగానే కదిలింది. కానీ డోలు శబ్దం కింద అది ఎవరి చెవికీ అందలేదు.

ఎంపీ3 మొత్తం ఈ గట్టిమేళం మీద కట్టిన ఇల్లు. పెద్ద శబ్దం ఉన్నచోట, దానికి దగ్గర శ్రుతిలో ఉన్న చిన్న శబ్దం మన చెవికి వినపడదు. పెద్ద శబ్దం ఆగిన తర్వాత కూడా ఒక చిన్న క్షణం పాటు చెవి తేరుకోదు. ఆ క్షణంలో వచ్చిన మెల్లని శబ్దం కూడా వినపడదు. మరి వినపడని తుమ్ముని ఫైల్లో అంత శ్రద్ధగా రాసి దాచడం ఎందుకు?

పని జరిగే తీరు ఇది. ఎంపీ3 పాటని చిన్న చిన్న ముక్కలు చేస్తుంది. సీడీ వేగంలో ఒక్కో ముక్కకి 1,152 కొలతలు, అంటే సెకనుకు దాదాపు 38 ముక్కలు. ప్రతి ముక్కలో ఏ శ్రుతిలో ఎంత శబ్దం ఉందో విడదీస్తుంది. ఏది దేని కింద మరుగున పడుతుందో లెక్క వేస్తుంది. బాగా వినపడే వాటిని జాగ్రత్తగా, మరుగున పడేవాటిని మోటుగా రాస్తుంది. అసలే వినపడని వాటిని వదిలేస్తుంది. చివరికి మిగిలిన అంకెల్ని, తరచుగా వచ్చే వాటికి చిన్న గుర్తులు, అరుదుగా వచ్చే వాటికి పొడుగు గుర్తులు ఇచ్చి సర్దుతుంది. ఈ చివరి పద్ధతి 1952లో డేవిడ్ హఫ్‌మన్ అనే ఆయన కనిపెట్టినది. ఇది పల్లవి గుర్తు లాంటిదే, ఇందులో ఏమీ పోదు.

దీని వెనక చాలామంది ఇంజనీర్ల పని ఉంది. జర్మనీలోని ఎర్లాంగెన్‌లో ఫ్రౌన్‌హోఫర్ సంస్థలో పనిచేసిన కార్ల్‌హైంజ్ బ్రాండెన్‌బర్గ్ వాళ్ళలో ముఖ్యుడు. సుజాన్ వేగా పాడిన టామ్స్ డైనర్ పాట మీద ఆయన తన పద్ధతిని పరీక్షించుకుంటూ వచ్చారు. ఆ పాటలో వాయిద్యాలు లేవు, ఒక్క గొంతే. పరీక్షకి అది ఎందుకు మంచిదో ఇప్పుడు మనకి తెలుసు. మేళం లేనిచోట తప్పు దాచుకోవడానికి చోటు ఉండదు. 1995 జూలై 14న ఆ బృందం తమ ఫైళ్ళ పేరు చివర ఎంపీ3 అని ఉండాలని నిర్ణయించుకుంది. 2017లో ఎంపీ3 లైసెన్సుల కార్యక్రమం ముగిసింది. ఇప్పుడు ఎవరైనా ఫీజు లేకుండా వాడుకోవచ్చు.

మనకి వచ్చిన లాభం

నేను పెరిగిన ఊళ్ళో తెలుగు క్యాసెట్లు దొరికే షాపు ఒక్కటే. కారులో గంటన్నర దూరం. అక్కడ కూడా తెలుగువి ఒక చిన్న అర. అవి కూడా కొత్త సినిమాలవి. అమ్మ చెప్పే పాత పాటలు అక్కడ ఉండేవి కావు. చిన్న ఫైళ్ళు వచ్చాక ఆ అర ఒక్కసారిగా పెద్దదైపోయింది. పరాయి దేశంలో పెరిగే పిల్లలకి భాష రావాలంటే ముందు అది చెవిలో పడాలి. నా చెవిలో తెలుగు పడింది పాటల వల్ల. ఆ పాటలు నా దాకా వచ్చింది అవి పదకొండో వంతుకి కుదిరాయి కాబట్టి.

ఇప్పుడు ఇంటర్నెట్ వేగంగా ఉంది కదా, ఇంకా కుదింపు ఎందుకు అని అడగొచ్చు. 2021 నుంచి ఆపిల్ మ్యూజిక్‌లో కూడా పోగొట్టని పాటలు ఉన్నాయి. నిజమే. కానీ నేను ట్రైన్లో వెళ్తుంటే సిగ్నల్ పోతూ వస్తూ ఉంటుంది. చిన్న పాట అయితే సొరంగం రాకముందే ఫోన్‌లోకి దిగిపోతుంది. విమానంలో పదహారు గంటలు కూర్చోవాలంటే ఫోన్‌లో ఎన్ని పాటలు పడితే అంత మంచిది. ఇంకొకటి. బ్లూటూత్ హెడ్‌ఫోన్స్ మామూలుగా పాటని మళ్ళీ కుదించే పంపిస్తాయి. పోగొట్టని ఫైలు కొనుక్కుని బ్లూటూత్‌లో వింటూ "ఎంత తేడా!" అనేవాళ్ళని చూస్తే నాకు కొంచెం నవ్వొస్తుంది.

నేను నా మీద నేనే ఒక పరీక్ష చేసుకున్నాను. మీరూ చేసుకోండి. ఒక సీడీలోంచి పాట తీసి, పోగొట్టని ఫైలు ఒకటి, 256 కిలోబిట్ల ఏఏసీ ఫైలు ఒకటి చేశాను. మా తమ్ముడు ఏది పెడుతున్నాడో చెప్పకుండా 16 సార్లు పెట్టాడు. నేను 9 సార్లు సరిగ్గా చెప్పాను. కళ్ళు మూసుకుని బొమ్మా బొరుసూ వేసినా అంతే వస్తుంది. తేడా ఉంటుందనే నమ్మకంతో విన్నప్పుడు మాత్రం నాకు ప్రతిసారీ తేడా వినపడింది! చెవి కంటే ముందు మనసు వినేస్తుంది.

అయితే బిట్లు బాగా తగ్గిస్తే తేడా నాకు కూడా తెలుస్తుంది. 64 కిలోబిట్ల స్టీరియో ఎంపీ3లో భజన తాళాలు విన్నారా? ఖంగుమనాల్సింది నీళ్ళలో మోగినట్టు ఉంటుంది. ఘటం మీద పడే గట్టి దెబ్బ, దాని ముందే ఒక చిన్న మసకతో వస్తుంది. పాత రికార్డుల్లో ఉండే "స్..." అనే గీకుడు శబ్దం ఇంకా కష్టం. దానికి ఒక క్రమం లేదు, అందుకని కుదరడానికి మొండికేస్తుంది. బిట్లన్నీ అదే తినేస్తుంది. అందుకే మనకి ఇష్టమైన పాత పాటలే తక్కువ బిట్లలో ఎక్కువ పాడవుతాయి. ఇది కుదింపు తప్పు కాదు. మరీ ఎక్కువగా కుదించడం తప్పు.

ఇక నా తప్పు

1986లో తెనాలి నుంచి మా అమ్మమ్మ అమ్మకి ఒక క్యాసెట్ పంపింది. అప్పట్లో ఫోన్ చాలా ఖరీదు. ఉత్తరం రాయడం కంటే మాట్లాడి పంపడం అమ్మమ్మకి సులభం. 60 నిమిషాల క్యాసెట్. అందులో నాకు ఎలా నీళ్ళు పొయ్యాలో చెప్పింది. మావయ్య పెళ్ళి కబుర్లు చెప్పింది. మధ్యలో కోడి కూసింది. చివర్లో నా కోసం ఒక జోలపాట పాడింది. అమ్మ ఆ క్యాసెట్‌ని చెప్పుల పెట్టెలో పాత చీర ముక్కలో చుట్టి దాచుకుంది.

2003లో నేను కాలేజీకి వెళ్ళేటప్పుడు దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించాను. మంచి పని చేస్తున్నాననే అనుకున్నాను. సాఫ్ట్‌వేర్‌లో "మాట" అని ఒక ఎంపిక ఉంది. అన్నిటికంటే చిన్న సైజు అదే. సెకనుకు 8,000 కొలతలు, 16 కిలోబిట్లు. గంట క్యాసెట్ మొత్తం 7 ఎంబీలో పట్టేసింది. నాకు ఎంత గర్వమో! రెండేళ్ళ తర్వాత ఇల్లు మారుతున్నప్పుడు, "ఇది కంప్యూటర్‌లో ఉందిగా, ఇంకెందుకు" అని క్యాసెట్‌ని నేనే పారేశాను. అమ్మ ఏమీ అనలేదు.

అప్పుడు నాకు తెలుగు సరిగ్గా రాదు. అమ్మమ్మ గొంతు వినపడితే చాలనుకున్నాను. ముప్పై దాటాక కూర్చుని తెలుగు నేర్చుకోవడం మొదలుపెట్టాను. చదవడం వచ్చాక, అమ్మమ్మ మాటలన్నీ కాగితం మీద రాయాలనుకున్నాను. అప్పుడు తెలిసింది నేనేం చేశానో.

"రెట్టింపు" లెక్క గుర్తుందా? సెకనుకు 8,000 కొలతలంటే 4,000 హెర్ట్జ్ పైన ఉన్నదంతా పోతుంది. మన అచ్చులు, అంటే అ, ఇ, ఉ లాంటివి, ఎక్కువగా కింది భాగంలో ఉంటాయి. అందుకే అమ్మమ్మ గొంతు అమ్మమ్మ గొంతులాగే ఉంది. కానీ "స" అనే అక్షరం అంటే నాలుక దగ్గర గాలి రాసుకుపోవడమే. దాని బలం చాలావరకు 4,000 హెర్ట్జ్ పైనే ఉంటుంది. "శ" బలం కొంచెం కిందనుంచి మొదలవుతుంది. ఆ పై భాగం కత్తిరించేస్తే స, ఫ, ఒక్కోసారి త కూడా ఒకే రకం గాలిలా వినపడతాయి. అమ్మమ్మ "శనగలు" అన్నదా, "సెనగలు" అన్నదా? నాకు తెలియదు. తెనాలి దగ్గర పల్లెలో ఆవిడ నోట్లో ఆ మాట ఎలా పలికేదో వినాలని ఉంది. వినలేను.

అన్నిటికంటే బాధ ఇది. జోలపాట పాడే ముందు అమ్మమ్మ అంటుంది: "ఇది మాకు చిన్నప్పుడు ...యమ్మత్త నేర్పింది" అని. సాయమ్మత్తా, తాయమ్మత్తా? రెండూ ఆ కాలం పేర్లే. వందసార్లు విన్నాను. హెడ్‌ఫోన్స్ మార్చి విన్నాను. శబ్దాన్ని శుభ్రం చేసే సాఫ్ట్‌వేర్ కూడా వాడాను. లేనిదాన్ని ఏ సాఫ్ట్‌వేరూ తేలేదు. అమ్మకి గుర్తులేదు, తను ఆ అత్తని చూడలేదు. అమ్మమ్మ లేదు. మావయ్యా లేడు. క్యాసెట్‌లో ఆ "స"నో "త"నో స్పష్టంగానే ఉండి ఉంటుంది. మామూలు టేప్ రికార్డర్ కూడా 4,000 కంటే చాలా పైదాకా పట్టుకుంటుంది.

అయినా నాకు కుదింపు మీద కోపం లేదు. ఆ 7 ఎంబీ ఫైలు ఏ తప్పూ చేయలేదు. దాన్ని కాలేజీ అంతా వెంట పెట్టుకుని తిరిగాను. ఇంటి మీద బెంగ పుట్టినప్పుడు విన్నాను. అది వినడానికి చేసిన నకలు. నేను దాన్ని అసలు అనుకున్నాను. తప్పు అక్కడ ఉంది. బియ్యం వండుకోవడానికి మంచివి. కానీ విత్తనానికి వడ్లు కావాలి. దంచిన బియ్యం మళ్ళీ వడ్లు కావు.

కాబట్టి నా షరతు

వినడానికి చిన్న ఫైలు, దాచడానికి పెద్ద ఫైలు. అంతే. ఈ ఒక్క మాట పాటిస్తే కుదింపు లాభాలన్నీ మీవే, నష్టం ఏమీ లేదు.

మన ఇళ్ళల్లో క్యాసెట్లు ఇంకా ఉన్నాయని నాకు తెలుసు. అందుకని కొన్ని మాటలు వివరంగా చెప్తాను. క్యాసెట్ ఎక్కించేటప్పుడు సెకనుకు 44,100 లేదా 48,000 కొలతలు, 16 బిట్లకి తగ్గకుండా పెట్టండి. ఒక గొంతే కాబట్టి మోనో చాలు. గంటకి దాదాపు 318 ఎంబీ అవుతుంది. ఫ్లాక్ చేస్తే ఇంకా తగ్గుతుంది. ఇప్పుడు మన ఫోన్‌లో ఒక పెళ్ళి వీడియో అంతకంటే పెద్దది. దాన్ని రెండు వేర్వేరు చోట్ల దాచండి. తర్వాత అందులోంచి 64 కిలోబిట్ల చిన్న నకలు చేసి చుట్టాలందరికీ పంపండి. అది గంటకి 29 ఎంబీ కంటే తక్కువే. క్యాసెట్‌ని మాత్రం పారేయకండి.

కుదించిన ఫైలుని మళ్ళీ కుదించకండి. జిరాక్స్‌కి జిరాక్స్ తీస్తే అక్షరాలు ఎలా చెదిరిపోతాయో ఇదీ అంతే. ఎంపీ3ని ఫ్లాక్‌గా మారిస్తే నాణ్యత పెరుగుతుందనుకోకండి. సైజు పెరుగుతుంది, పోయింది మాత్రం రాదు.

చివరిగా, భాష నేర్చుకునే వాళ్ళకి ఒక మాట. పాత పద్ధతి టెలిఫోన్ లైన్ సుమారు 300 నుంచి 3,400 హెర్ట్జ్ దాకా మాత్రమే పంపుతుంది. అమ్మమ్మతోనో తాతయ్యతోనో ఫోన్‌లో మాట్లాడుతూ "శ, ష, స తేడా నాకు తెలియట్లేదు" అని మీరు సిగ్గుపడుతుంటే, తప్పు మీ చెవిది కాకపోవచ్చు. ఇంటర్నెట్ మీద చేసే కాల్స్‌లో మామూలుగా ఇంకా పైదాకా వస్తుంది. వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లు ఓపస్ అనే పద్ధతి వాడతాయి. అది 2012లో ప్రమాణంగా వచ్చింది. మాటకీ పాటకీ రెండింటికీ పనికొచ్చేలా చేశారు. వాయిస్ మెసేజ్ అయితే పదిసార్లు వెనక్కి తిప్పి వినొచ్చు కూడా. నేను "ళ" నేర్చుకున్నది పిన్ని పంపిన వాయిస్ మెసేజ్‌ల వల్లే. కానీ పెద్దవాళ్ళ పాటో కథో దాచుకోవాలని రికార్డు చేస్తుంటే, ఫోన్‌లోని రికార్డర్ సెట్టింగ్స్‌కి వెళ్ళి అన్నిటికంటే మంచి నాణ్యత ఎంచుకోండి. పంపేటప్పుడు వాయిస్ మెసేజ్‌లా కాకుండా డాక్యుమెంట్‌లా పంపితే ఫైలు మారకుండా వెళ్తుంది.

వచ్చేసారి అంకుల్ ఇంటికి వెళ్ళినప్పుడు ఆయనకి గట్టిమేళం సంగతి చెప్తాను. ఆయన స్పీకర్ల మీద నాకు కోపం లేదు. ఆయన పోగొట్టని ఫైళ్ళన్నీ జాగ్రత్తగా దాచుకున్నారు కదా, అందులో ఆయన నాకంటే తెలివైనవారు. నా ఫోన్‌లో ఉన్న పాట మాత్రం పిప్పి కాదు.

మా పాపకి రాత్రి ఆ జోలపాట పాడుతున్నాను. మొన్న "ఎవరు నేర్పారు?" అని అడిగింది. "మా అమ్మమ్మకి వాళ్ళ అత్త నేర్పింది. ఆవిడ పేరు సాయమ్మ అయినా అయి ఉండాలి, తాయమ్మ అయినా అయి ఉండాలి" అన్నాను. పాప రెండు పేర్లూ ఒకసారి పలికి చూసింది. ప్రస్తుతానికి మా ఇంట్లో ఆవిడకి రెండు పేర్లు. మీ ఇంట్లో చెప్పుల పెట్టె ఏదైనా ఉంటే, ఈ శనివారం తీసి చూడండి.